రోహిణి కార్తెలో ఓడ లెక్కలు

నెల్లూరు, శనివారం రాత్రి.

రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం పన్నెండుకే ట్రంకు రోడ్డు ఖాళీ అయిపోయింది. ఇట్టాంటి రోజుల్లోనే జనానికి సముద్రం మీదికి మనసు పోతుంది. ఇవాళ నా దగ్గరికి టికెట్ల కోసం వచ్చినవాళ్లలో మూడు కుటుంబాలు క్రూజ్, అంటే ఓడలో విహారయాత్ర, సంగతే అడిగాయి. కోవూరు వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ మాట ఇంకా చెవిలోనే ఉంది: "ఓడంటే కృష్ణపట్నంలో బొగ్గు దించేవి చూశామయ్యా. మనుషులెక్కేది ఎట్టుంటాది?"

ఆమెకు మోకాళ్ల నొప్పులు. పెద్దాయనకు బీపీ. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు కూడా వస్తారట. వినగానే అనిపించింది, క్రూజ్ సరిగ్గా ఇట్టాంటి ఇంటికే. బస్సు టూరులో రోజుకో ఊరు, ఊరికో హోటలు, పొద్దున్నే పెట్టె సర్దుడు. ఓడలో పెట్టె ఒక్కసారే విప్పుతారు. ప్రతి అంతస్తుకూ లిఫ్ట్ ఉంటుంది. పెద్దవాళ్లు పై డెక్ మీద నీడలో కూర్చుంటే పిల్లలు ఈత కొలనులో ఉంటారు, రాత్రి భోజనానికి అందరూ ఒకే బల్ల దగ్గర చేరతారు. మూడు తరాలు ఒకరినొకరు విసిగించుకోకుండా కలిసి తిరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

వాళ్లకు ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. కొన్ని రేవుల్లో ఓడ ఒడ్డుకు ఆనదు. లోతు చాలక దూరంగా లంగరు వేసి, 'టెండర్' అనే చిన్న బోట్లలో దించుతారు. ఊగే బోటులోకి అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం, చక్రాల కుర్చీనైతే ఒక్కోసారి ఎక్కించనే ఎక్కించరు. బుక్ చేసేటప్పుడే ఏ రేవులో 'టెండర్' అని రాసుందో చూసుకోవాలి.

రెండో కుటుంబం రొయ్యల రైతుది, ఇందుకూరుపేట దగ్గర. డబ్బుకు ఇబ్బంది లేదు గానీ గుంటల్లో పంట సగంలో ఉంది. వనామీ రకం రొయ్య పంట మూడు, నాలుగు నెలలది. రాత్రి కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఫోన్ తక్షణం అందాలి. ఒడ్డు దాటిన కాసేపటికే మన సిమ్‌కు సిగ్నల్ పోతుంది. ఆ తరవాత ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కు దానంతటదే తగులుకుంటే బిల్లు గుండె ఆగేలా వస్తుంది. అందుకే ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, కావాలంటే ఓడ వైఫై కొనుక్కోవాలి. వాట్సాప్ పనిచేస్తుంది, కానీ ప్రతి గంటా ఇంటికి ఫోన్ చేసేవాళ్లకు ఈ ప్రయాణం ప్రశాంతత ఇవ్వదు. రొయ్యల పట్టుబడి అయిపోయాక వెళ్లమనడమే న్యాయం.

మూడోవాళ్లు కొత్త జంట. ఐదు రోజుల్లో ఎన్ని ఊళ్లు చూడొచ్చు అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న అడిగేవాళ్లకు క్రూజ్ నప్పదు. రేవులో ఓడ ఆగేది ఉదయం నుంచి సాయంత్రం దాకా, అంతే. బయల్దేరడానికి అరగంట, గంట ముందే ఎక్కేయాలి. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు, తరువాతి రేవుకు సొంత ఖర్చుతో పోవాల్సిందే. ఓడవాళ్ల టూరులో వెళితే మాత్రం ఆగుతారు, కానీ ఆ టూర్లు ఖరీదు. క్రూజ్‌లో చూసే ప్రధానమైన ఊరు ఓడే. అది నచ్చితేనే పోవాలి.

'లగ్జరీ' అన్న మాటే సగం గందరగోళం. పెద్ద ఓడంటే గొప్ప ఓడని అనుకుంటారు. నన్నడిగితే గొప్పతనం మనిషికి దక్కే చోటును బట్టి ఉంటుంది. దానికో తేలిక లెక్క ఉంది: ఓడ గ్రాస్ టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగించాలి. గ్రాస్ టన్నేజీ బరువు కాదు, ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి కట్టే అంకె. 2022, 2023 వేసవుల్లో చెన్నై నుంచి తిరిగిన ఎంప్రెస్ ఓడ 1990 నాటిది. దాని టన్నేజీ 48,500 పైచిలుకు, గదికి ఇద్దరు చొప్పున 1,600 మంది, అంటే తలకు 30. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ 2,48,663 టన్నేజీ, 5,610 మంది, అంటే 44. సిల్వర్ నోవా చూడండి: 54,700, ప్రయాణికులు 728 మందే, అంటే 75. ఈ మూడో రకాన్నే అసలు లగ్జరీ అనాలి. గదులన్నీ సూట్లే, అంటే విశాలమైన గదులే, మద్యం, టిప్పులు టికెట్‌లోనే కలిసుంటాయి, ఎక్కడా క్యూ ఉండదు. కానీ పిల్లల హడావుడికి అక్కడ చోటు తక్కువ. నిశ్శబ్దం కోరుకునే నడివయసు దంపతులకు అది, పిల్లలున్న ఇంటికి పెద్ద ఓడ.

గది దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కిటికీ లేని లోపలి గది, కిటికీ గది, బాల్కనీ, సూట్. ధర చూపించేది మనిషికి, అది కూడా గదిలో ఇద్దరుంటేనే. ఒంటరిగా వెళితే రెండో మనిషి డబ్బూ చాలావరకు కట్టాలి. లోపలి గదిలో పగలో రాత్రో తెలియదు, ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు దాని జోలికి పోకూడదు. కిటికీ గది అన్నారని సంబరపడితే ఎదురుగా లైఫ్‌బోట్ వేలాడుతుండొచ్చు. 'గ్యారంటీ' పేరుతో చవగ్గా ఇచ్చే గదుల్లో చోటు మన చేతిలో ఉండదు, కంపెనీ ఇష్టం. కాస్త డబ్బెక్కువైనా గది నంబరు ఎంచుకోవడం మేలు. ఓడ అంతస్తులు చూపించే డెక్ పటం ముందేసుకుని పైన, కింద ఏముందో చూడాలి. నెత్తిన బఫే హాలు ఉంటే తెల్లారగట్ల నుంచే కుర్చీల గీరుడు. కింద నాటకశాల ఉంటే అర్ధరాత్రి దాకా డప్పులు.

కడుపులో తిప్పుతుందేమోనని భయపడేవాళ్లకు నడిమధ్య గది, కింది అంతస్తు. నీళ్లలో రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి గానీ ముందూ వెనకా లేచి పడడాన్ని పెద్దగా ఆపలేవు. ఏతం కర్ర చివర కూర్చున్నట్టు, ఓడ ముక్కు దగ్గరా తోక దగ్గరా ఆ ఊపు ఎక్కువ, మధ్యలో తక్కువ. డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే తెచ్చుకుని ఓడ కదలడానికి గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అంతగా పట్టదు. కాలం కూడా చూడాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రం అలజడి. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో మన బంగాళాఖాతానికి తుఫాన్ల భయం, మైపాడు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

తిండి సంగతి. శాకాహారం, జైన భోజనం ఎక్కేరోజు చెబితే చాలదు, బుక్ చేసేటప్పుడే రాయించాలి. సింగపూర్ నుంచి బయల్దేరే ఓడల్లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి భారతీయ వంట సులువుగా దొరుకుతుంది. వండిన అన్నం, పులుసు, ఇంటి పచ్చడి జాడీ చాలా కంపెనీలు లోపలికి రానివ్వవు. సీలు వేసిన ప్యాకెట్లయితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. నాలుగు రోజులు ఇంటి పచ్చడి లేకుండా అన్నం దిగనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్, రైస్ కుక్కర్, అగరుబత్తి, దీపం ఏవీ కుదరవు. ఓడలో నిప్పుకు మించిన భయం లేదు మరి. నిత్యం దీపం పెట్టే పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి, ఎక్కాక తెలిస్తే నొచ్చుకుంటారు.

టికెట్ బయట ఖర్చులు: రేవు పన్నులు, వైఫై, మద్యం, ఒడ్డు టూర్లు, టిప్పులు. పెద్ద కంపెనీల్లో టిప్పు మనిషికి రాత్రికి సుమారు 16 నుంచి 20 డాలర్లు. 18 చొప్పున వేసుకున్నా ఇద్దరికి నాలుగు రాత్రులకు 144. ఓడ డాక్టర్ ఫీజు కూడా బరువే, వైద్య ఖర్చులు, అత్యవసర తరలింపు రెండూ ఉన్న ఇన్సూరెన్స్ లేకుండా పెద్దవాళ్లను ఎక్కించకూడదు. ప్రయాణం పూర్తయ్యేలోపు 24వ వారంలోకి వచ్చే గర్భిణులను, ఆరు నెలలు నిండని పసివాళ్లను చాలా కంపెనీలు ఎక్కించుకోవు.

ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. దిగే ముందు రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, మరునాటి బట్టలు కూడా అందులోనే సర్దేసి నైట్ డ్రెస్‌తో మిగిలిపోయేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. ఓడ కదిలే ముందే మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదమొస్తే ఎక్కడ గుమికూడాలో నేర్పే కసరత్తు. దాని గుర్తు ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ ఒరిగిపోయిన ప్రమాదం తరవాత ఆ నియమం బిగించారు. కునుకు తీస్తూ తప్పించుకోకూడదు. ఆ ఒక్క పావుగంటలో పిల్లలకు తమ గుమికూడే చోటు వేలితో చూపించి గుర్తుపెట్టించాలి.

సింగపూర్ నుంచి బయల్దేరే ఓడ పట్టుకోవాలంటే విమానం ముందురోజే. చెన్నై నుంచి నాలుగు గంటలే కదా అని అదేరోజు పొద్దున పెట్టుకుంటే, విమానం ఆలస్యమైనప్పుడు చెక్‌ఇన్ మూసేస్తారు, డబ్బు తిరిగి రాదు. నెల్లూరు నుంచి రైల్లో చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, ఆ మూడు గంటలకు పక్కన ఇంకో రెండు గంటలు వేసుకోవాలి. ఓడ మలేషియా వెళ్లి మళ్లీ సింగపూర్ వస్తుంది కాబట్టి సింగపూర్ వీసా రెండుసార్లు ప్రవేశానికి పనికొచ్చేదే ఉండాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

కోవూరు వాళ్లు సోమవారం మళ్లీ వస్తామన్నారు. పెద్దమ్మ పాస్‌పోర్టు గడువు తేదీ చూడాలి. లిఫ్ట్‌కు దగ్గరగా, నడిమధ్యన రెండు పక్కపక్క గదులు ఉన్నాయేమో డెక్ పటంలో వెతకాలి. ఆమె అడిగింది ఒకటే: "తెల్లారి లేవంగానే సముద్రం కనపడాల." అంటే బాల్కనీ, లైఫ్‌బోట్లు అడ్డం లేని వరస.