కలలో మంచం: ఏం అడగాలి, ఎక్కడ ఆగాలి

శుక్రవారం, హనుమకొండ

ఉపవాస ప్రార్థనకు మనవులు పొద్దుటి నుంచే మొదలవుతాయి. జ్వరాలు, పిల్లల పరీక్షలు, ఎనుమాముల మార్కెట్లో ధర పలకని మిర్చి, కుదరని సంబంధాలు. వాటి నడుమ ఈరోజు ఒక అమ్మాయి తన కల కూడా చెప్పింది. "అక్కా, నడిమి అర్రల మంచం ఏసి ఉన్నది. తెల్ల దుప్పటి పరిచి ఉన్నది. మీద ఎవ్వరు లేరు. పెద్దమ్మకు పానం మంచిగ లేదు కదా, గిది చావు కలనా?"

ఈ భయం ఎక్కడి నుంచి వస్తుందో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు. ప్రాణం పోయే వేళ మనిషిని మంచం మీది నుంచి నేల మీదికి దించుతారు. అందుకే ఖాళీ మంచం కనబడగానే మనసు చావునే తలుచుకుంటుంది. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆ భయం కలల్లో మిగిలే ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే అది మన ఆచారం నేర్పిన భయమని గుర్తుపట్టాలి, లేఖనం అలా చెప్పలేదు.

పరిచి పెట్టిన ఖాళీ మంచం బైబిల్లో ఉన్న చోటు రెండవ రాజులు 4వ అధ్యాయం. షూనేము అనే ఊరి స్త్రీ ఎలీషా ప్రవక్త కోసం మేడ మీద చిన్న గది కట్టించి, అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టించింది. అక్కడ ఆ మంచం ఆతిథ్యం. అదే అధ్యాయంలో ఆమె కొడుకు తలనొప్పితో తల్లి ఒడిలోనే చనిపోయాడు. ఆమె అతన్ని తీసుకెళ్లి ఆ మంచం మీదే పడుకోబెట్టి తలుపు వేసింది. ఎలీషా వచ్చి ప్రార్థించాక పిల్లవాడు ఏడుసార్లు తుమ్మి కళ్లు తెరిచిందీ ఆ మంచం మీదే. మంచం మారలేదు. దాని మీద జరిగింది మారింది. "మంచం కనబడితే రోగం, పరుపు కనబడితే పెళ్లి" అని పట్టీలు రాసి పంచేవాళ్లు ఈ ఒక్క అధ్యాయం నిదానంగా చదివితే చాలు, ఆ పట్టీ పక్కన పెట్టేస్తారు.

కల చెప్పడానికి వచ్చిన మనిషిని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మంచం ఎవరిది? సొంతదా, అమ్మగారింటిదా, ఆసుపత్రిదా? ఎట్లా ఉంది: పరిచి ఉందా, నులక తెగి ఉందా, తడిగా ఉందా, పొట్టిగా ఉందా? మీద ఎవరున్నారు, వాళ్లు పడుకున్నారా, లేస్తున్నారా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, కలలోనే భయం వేసిందా, లేక లేచాక ఎవరో ఏదో అంటే అప్పుడు వేసిందా? పొద్దున ఆ అమ్మాయిని అడిగితే కలలో భయమే లేదంది. లేచి అత్తమ్మకు చెప్పాక మొదలైందట. అంటే ఆ భయం కలలోది కానే కాదు.

నులక తెగిన మంచం, కాళ్లు చాలని మంచం చూశామని చెప్పేవాళ్లకు యెషయా 28:20 దగ్గరి మాట. పండుకోవడానికి మంచం పొడుగు చాలదు, కప్పుకోవడానికి దుప్పటి వెడల్పు చాలదు అంటాడు ప్రవక్త. పైన 14వ వచనం నుంచి చదివితేనే విషయం అందుతుంది: అబద్ధాన్ని ఆశ్రయం చేసుకున్న యెరూషలేము అధికారులకు చెప్పిన మాట అది. నమ్ముకున్నది చివరికి సరిపోదని దాని సారం. అలాంటి కల వస్తే ఇప్పుడు దేని మీద ఆనుకొని ఉన్నామో చూసుకోవచ్చు. మంచాన్ని ఎవరో మోసుకుపోతున్నట్టు కల వస్తే సామెతలు 22:26-27 తీయాలి. ఇతరుల అప్పుకు పూటబడొద్దని, అంటే జామీను ఉండొద్దని, చెల్లించలేకపోతే నీ క్రింది పరుపు తీసుకుపోతారని అక్కడ నేరుగా ఉంది. పత్తికి, మిర్చికి తెచ్చిన అప్పుల్లో ఒకరికొకరు జామీను సంతకాలు పెట్టుకునే మన దగ్గర ఇది పాత కాలపు మాటేమీ కాదు. సంతకం ఉంటే పోయి ఆ లెక్క చూసుకోవాలి. లేకపోతే ఆ వచనాన్ని బలవంతంగా కలకు అతికించకూడదు.

పెద్ద ఇనుప మంచం చూసి దురాత్మ అని హడలిపోయేవాళ్లూ ఉన్నారు. బాషాను రాజు ఓగు మంచం ద్వితీయోపదేశకాండం 3:11లో ఉంది. తొమ్మిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు, అంటే సుమారు నాలుగు మీటర్ల పొడవు. అయితే ఆ వచనం రాసేనాటికి ఓగు ఓడిపోయాడు. అమ్మోనీయుల పట్టణం రబ్బాలో మిగిలింది మంచం ఒక్కటే. అది గెలుపు అయిపోయాక చెప్పిన మాట, దాన్ని చూపించి మనుషులను భయపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

పడక మీద పాపం గురించి కూడా లేఖనం మొహమాటపడదు. కీర్తన 36:4, మీకా 2:1 పడుకొని చెడు ఆలోచించేవాళ్ల గురించి. సామెతలు 7లో ఐగుప్తు నార పరిచి, బోళం, అగరు, దాల్చినచెక్క చల్లిన మంచం ఒక వల. హెబ్రీ 13:4 పానుపు నిష్కల్మషంగా ఉండాలంటుంది. ఇవన్నీ కల కన్న మనిషి తనను తాను పరీక్షించుకోవడానికి. కలలో భర్త మంచం మీద ఇంకెవరో కనబడ్డారని ఇంట్లో పంచాయితీ పెడితే ఆ సంసారం చెడుతుంది. కలను సాక్ష్యంగా పెట్టి ఎవరి మీదా నింద వేయొద్దు, పేరు అసలే ఎత్తొద్దు.

మధ్యాహ్నం దొరికిన తీరికలో ఇద్దరు రాజులను పక్కపక్కన పెట్టి చదివాను. సాయంత్రం కూటంలో చదవాల్సింది కూడా ఇదే. ఇశ్రాయేలు రాజు అహజ్యా షోమ్రోనులో మేడగది కిటికీలోంచి పడి మంచాన పడ్డాడు. బతుకుతానా అని ఎక్రోను దేవత బయల్జెబూబు దగ్గర విచారించమని మనుషులను పంపాడు. ఎక్కిన మంచం దిగవని ఏలీయా ప్రవక్త ద్వారా జవాబు వచ్చింది. యూదా రాజు హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చింది. గోడ వైపు ముఖం తిప్పుకొని ప్రార్థించాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు. పదిహేనేళ్లు ఆయుష్షు పెరిగింది. ఇద్దరిదీ రోగపు మంచమే, వెతుక్కున్న చోటు వేరు. ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. రెండవ రాజులు 20:7లో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం వచ్చాక కూడా మందు వేశారు. "కలలో లేచి నడిచిన, ఇగ గోలీలు ఎందుకు" అని బీపీ, షుగర్ మందులు ఆపేసేవాళ్లకు ఈ వచనం వేలు పెట్టి చూపించాలి.

శరీరం తెచ్చే కలలను ముందే వేరు చేసుకోవాలి. విస్తారమైన పనిపాటుల వల్ల కలలు పుడతాయని ప్రసంగి 5:3 చెప్పనే చెప్పింది. కాజీపేట రైల్వే కాలనీలో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లకు, జ్వరంలో ఉన్నవాళ్లకు, ఆసుపత్రిలో తోడు పడుకొని వచ్చినవాళ్లకు మంచాలు కలలోకి రావడం సహజం. మంచం మీద కదల్లేక, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం వేరే సంగతి. కలలు కనే నిద్ర దశలో కండరాలు వదులై ఉంటాయి. ఆ దశ పూర్తవకముందే తెలివి వస్తే ఒళ్లు కదలదు. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. నిద్ర తక్కువైనా, వేళలు మారినా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువ వస్తుంది. యేసు నామం తలుచుకోవాలి, తలుచుకుంటే ధైర్యం వస్తుంది. పక్కకు తిరిగి పడుకోవాలి, వేళకు పడుకోవాలి. మాటిమాటికీ వస్తుంటే, గురక పెట్టి ఊపిరి ఆగినట్టవుతుంటే డాక్టరుకు చూపించాలి.

కల రాసుకునే పద్ధతికి దానియేలు 7:1 ఉంది. పడక మీద కల కని, దాని సంగతిని సంక్షేపంగా రాశాడు. లేచిన కొద్ది నిమిషాల్లోనే కల చెదిరిపోతుంది, కాబట్టి ఫోన్ పట్టకముందే రాయాలి. నాలుగైదు వాక్యాలు చాలు, చూసింది మాత్రమే. అర్థం అదే పేజీలో రాస్తే రెండు రోజులకు ఏది చూశామో, ఏది ఊహించామో కలిసిపోతుంది. కింద నిన్నటి రోజు ఒక వరుసలో రాయాలి: ఎక్కడికి పోయాం, ఏం విన్నాం, ఒంట్లో ఎట్లుంది. తర్వాత వచనం వెతకాలి, వచనం చుట్టూ ఉన్న అధ్యాయమంతా చదవాలి. అర్థం ముందే అనుకొని దానికి సరిపడే వచనం కోసం పేజీలు తిప్పితే ఏదో ఒకటి దొరుకుతుంది, అక్కడే ఎక్కువమంది తప్పిపోతారు. ఆ తర్వాత ఒక్క నమ్మకమైన విశ్వాసికి చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. భావం చెప్పడానికి కానుక అడిగితే, భయపెట్టి మళ్లీ రమ్మంటే, క్రీస్తు నుంచి మరో వైపు తిప్పితే అక్కడితో ఆపేయాలి. యిర్మీయా 23:28 కలను పొట్టుతో, వాక్యాన్ని గోధుమలతో పోల్చింది. కల చెప్పొద్దని అనలేదు, దాని స్థానం చూపించింది.

నాకు బాగా ఇష్టమైన పడకలు యేసు దగ్గరివి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు రోగంతో ఉన్నవాడు ఎత్తుకున్న పరుపును మన ఇళ్లలోని పరుపులా ఊహించుకోవద్దు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలాగా చుట్టి చంకన పెట్టుకునే పడక అది. కపెర్నహూములో నలుగురు మోసుకొచ్చినవాడు కూడా తన పరుపు తనే ఎత్తుకొని ఇంటికి పోయాడు. లుద్దలో ఎనిమిదేళ్లు మంచాన ఉన్న ఐనెయకు పేతురు చెప్పింది, నీ పరుపు నువ్వే పరచుకో అని. కలలో పడక చుట్టేస్తున్నట్టు, మంచం మీది నుంచి లేస్తున్నట్టు వస్తే ఈ వచనాలు పట్టుకొని ప్రార్థించమని ధైర్యంగా చెప్పొచ్చు. ఫలానా తేదీకి స్వస్థత అని మాత్రం చెప్పకూడదు.

ఆ అమ్మాయికి కల అర్థం చెప్పలేదు. పెద్దమ్మ పేరు ప్రార్థనలో పెట్టాం, కీర్తన 41:3 చదువుతాం. పెద్దమ్మకు ఆయాసం ఎన్నాళ్ల నుంచో అడిగితే పది రోజులకు పైనే అంది. సోమవారం పొద్దునే ఎంజీఎం ఆసుపత్రికి తోలుకపొమ్మని, పాత చీటీలు, వాడే గోలీల అట్టలు సంచిలో పెట్టుకొమ్మని, ఆయాసం ఎక్కువైతే సోమవారం దాకా ఆగొద్దని చెప్పాను.