మా అక్క బొడ్డు హెర్నియా, లోపల వేసిన జాలీ

మా అనంతపురం వైపు హెర్నియా అంటే మగవాళ్ళకు గజ్జల్లో వచ్చేదనే అనుకుంటారు. ఆడవాళ్ళకు బొడ్డు దగ్గర ఉబ్బితే గ్యాస్ అంటారు, కాన్పులకి పొట్ట వదులైందంటారు, ఇంట్లో ముసలివాళ్ళుంటే బొడ్డు జారింది, నూనె పెట్టి తోమించమంటారు. మా అక్క ఇవన్నీ విన్నది. రెండో కాన్పు తర్వాత మొదలైన ఉబ్బు, పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికొచ్చేది. నొప్పి పెద్దగా లేదు కదా అని బెల్టు కట్టుకుని, చెనిక్కాయ మూటలు మోస్తూ ఏళ్ళు నెట్టుకొచ్చింది.

బెల్టు ఆ ఉబ్బును నొక్కి పెడుతుంది, అంతే. పొట్ట గోడలో పడిన రంధ్రం, లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకొచ్చే దారి, అలాగే ఉంటుంది, పెద్దవాళ్ళలో అది దానంతట అది పూడదు. పసిపిల్లల సంగతి వేరు, చాలామందికి నాలుగైదేళ్ళు వచ్చేసరికి మూసుకుపోతుంది. (బొడ్డు మీద రూపాయి బిళ్ళ కట్టినందుకు మూసుకుపోయిందని అనుకుంటారు గానీ బిళ్ళకూ దానికీ సంబంధం లేదు, కింద చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది చూడండి, అదొక్కటే బిళ్ళ చేసే పని.)

ఆపరేషన్ అనేసరికి బంధువులందరిదీ ఒకటే మాట, కీహోల్ (చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసేది) చేయించండి, కోత ఉండదు, తొందరగా ఇంటికొచ్చేయొచ్చు అని. నాకు మాత్రం రంధ్రం ఎంత ఉంది, జాలీ వేస్తారా, వేస్తే ఏ పొరలో వేస్తారు అనేవి ముందు అడగాలనిపించింది. ఎందుకంటే మళ్ళీ రాకుండా ఆపేది జాలీ, అంటే మెష్, రంధ్రానికి అతుకులా వేసే వల. 2018లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, 1 నుంచి 4 సెంటీమీటర్ల బొడ్డు హెర్నియా ఉన్న 300 మందిని చూశారు. ఉత్త కుట్లు వేసినవాళ్ళలో నూటికి 12 మందికి తిరిగొస్తే, మెష్ వేసినవాళ్ళలో నలుగురికే వచ్చింది. అది కూడా కోసి చేసిన ఆపరేషన్లే, కీహోల్ కాదు. యూరప్, అమెరికా హెర్నియా సర్జన్ల సంఘాలు 2020లో ఇచ్చిన సూచనలు కూడా దాదాపు ఇదే చెప్తాయి: సెంటీమీటరు దాటితే మెష్ వేయండి, మామూలు సైజుకు చిన్న కోతతో చేస్తే సరిపోతుంది, రంధ్రం పెద్దదైనా, పుండు మానడం కష్టమయ్యే మనిషైనా కీహోల్ గురించి ఆలోచించండి అని. అంటే రెండు సెంటీమీటర్ల రంధ్రానికి ఎవరైనా చిన్న కోతతో చేస్తానంటే ఆయనకు కొత్త పద్ధతి రాదనుకోనక్కర్లేదు.

అక్కది అలా కాదు. బరువు ఎక్కువ, షుగర్ ఉంది, స్కానింగ్‌లో రంధ్రం 4 సెంటీమీటర్లు దాటింది, దాని పైన కండరాలు రెండు పక్కలకూ విడిపోయి ఉన్నాయి. అందుకని కీహోలే మేలన్నారు, షుగర్ అదుపులోకి వచ్చాకే డేట్ ఇచ్చారు.

చేసేది ఇట్లా. బొడ్డు దగ్గర కాకుండా పొట్టకు ఎడమ పక్కన చిన్న గాట్లు పెట్టి, కార్బన్ డయాక్సైడ్ నింపి, కెమెరా దించుతారు. ఉబ్బులోకి దూరి అతుక్కున్న కొవ్వును మెల్లగా వెనక్కి లాగి, రంధ్రాన్ని కుట్టి, దాని కింద జాలీ పరుస్తారు. చినిగిన గోతానికి చినుగంత ముక్కే అతుకేస్తే నిలవదు కదా, జాలీ కూడా రంధ్రం అంచులు దాటి చుట్టూ దాదాపు 5 సెంటీమీటర్లు ఉండాలి. ఇక్కడే ఖర్చు పెరిగేది. మామూలు పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) జాలీ పేగులకు తగిలితే అతుక్కుపోతుంది, తర్వాత అదొక పెద్ద తలనొప్పి. అందుకే పేగుల వైపు పూత ఉన్న రెండు పొరల జాలీ వాడతారు, దాన్ని బిగించే ట్యాకర్లు కూడా ఖరీదే. ఈటెప్ అని ఇంకో పద్ధతి ఉంది, జాలీని కండరం వెనక పెడతారు, పేగులకు తగలదు కాబట్టి మామూలు జాలీ చాలు. కాకపోతే చేయి బాగా తిరిగినవాళ్ళే చేయాలి, టైమూ ఎక్కువ పడుతుంది.

ఆపరేషన్ అయ్యాక అక్కకు కడుపు కన్నా భుజం ఎక్కువ నొప్పి పెట్టింది, గుండెకేమన్నా అయిందేమోనని ఏడ్చింది. లోపల మిగిలిన గ్యాస్ ఉదర వితానాన్ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరను, ఇబ్బంది పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట, తగ్గిపోయింది. తర్వాత కొన్నాళ్ళకు బొడ్డు దగ్గర మళ్ళీ ఉబ్బు! బావకైతే ఒకటే టెన్షన్, డబ్బంతా పోయిందని. ఖాళీ అయిన చోట నీరు చేరిందంతే, సెరోమా అంటారు, సూది పెట్టి తీయకుండా వదిలేశారు, వారాల మీద దానంతట అదే ఇంకిపోయింది. ఇది ముందే చెప్పి ఉంటే మాకంత గోల ఉండేది కాదు.

ఆపరేషన్ వాయిదా వేస్తున్నవాళ్ళు ఒకటి చూసుకోండి. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోతే, నొప్పి ఆగకుండా వాంతులవుతుంటే, పైన చర్మం రంగు మారితే, తోమించడాలు, నొక్కడాలు వద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పొండి, పేగు బిగుసుకుని చచ్చుబడుతుంది.

ఆపరేషన్ అయినవాళ్ళు డిశ్చార్జి కాగితాల్లో జాలీ పేరు, సైజు, ఏ పొరలో పెట్టారో రాయించుకోండి, జాలీ ప్యాకెట్ మీది స్టిక్కర్ కూడా ఫైల్లో అంటించమనండి. రేపు ఇంకేదో ఆపరేషన్‌కు పొట్ట తెరవాల్సి వస్తే ఆ డాక్టర్ మొదట అడిగేది అదే.