వినిపించేంత దూరంలో

నాన్నగారు పోయి ఏడు నెలలు కావస్తోంది. 2024 జూలైలో, ఆషాఢం ముగిసే రోజుల్లో, రాత్రి భోజనం చేసి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదు. డెబ్బయ్యయిదేళ్ల వయసు, ఎవరికీ ఇబ్బంది లేని మరణం అని వచ్చినవారందరూ అన్నారు. అది నిజమే కానీ, ఆ మాట విన్న ప్రతిసారీ నాకు చెప్పలేనంత కష్టంగా ఉండేది. అప్పటి నుంచి నేను ఏమీ రాయలేదు. ఈ మధ్య ఇంట్లో మళ్లీ మాటలు వినిపిస్తున్నాయి కనుక, ఎలా ఉన్నారని అడుగుతున్న స్నేహితులకు, ఇన్నాళ్లూ జవాబివ్వని ఉత్తరాలకు కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా బెల్లం సంగతి చెప్పాలి. 2018లో బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర కూరగాయల బుట్టల మధ్య దొరికిన వీధికుక్క పిల్లను నాన్నగారు చేతి సంచిలో పెట్టుకుని తెచ్చారు. ఒంటి రంగును బట్టి మా అమ్మాయి దానికి ఆ పేరు పెట్టింది. దానికి అన్నం పెట్టేది ఎవరైనా అది నాన్నగారి కుక్కే; సాయంత్రం ఆయన చెప్పులు వేసుకునే చప్పుడుకు గేటు దగ్గరికి వెళ్లి నిలబడేది. ఆయన పోయాక వరండాలో ఆయన కూర్చునే పడక కుర్చీ కింద పడుకోవడం మొదలుపెట్టింది, క్రమంగా తిండి తగ్గించింది, ఆగస్టు చివరికి పిలిస్తే తల కూడా ఎత్తడం లేదు. మేమందరం అది బెంగ అనుకున్నాం. దగ్గరలో ఉన్న ఒక పశువైద్యుడికి చూపిస్తే ఆయన కూడా జరిగినదంతా విని, యజమాని పోయిన దిగులే తప్ప మరేమీ కాదని చెప్పి బలానికి ఒక మందు సీసా ఇచ్చి పంపారు.

సెప్టెంబరులో ఒక ఉదయం దాని ముక్కు నుంచి రక్తం కారింది. మరో ఆసుపత్రికి పరుగెత్తుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ ముందు దాని చిగుళ్లు పైకెత్తి చూశారు, తరువాత పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీసి అక్కడున్న చిన్న చిన్న ఎర్రటి మచ్చలు మాకు చూపించారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 38 వేలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కనీసం రెండు లక్షలు ఉండాలి. పిడుదులు కరవడం వల్ల వచ్చే ఎర్లీకియా అనే బాక్టీరియా తెల్లరక్తకణాల్లో చేరి ఈ పని చేస్తుందనీ, మన ఊళ్లలో ఇది చాలా సాధారణమనీ, తిండి మానేయడం, మందకొడిగా పడి ఉండడం, జ్వరం దాని మొదటి లక్షణాలనీ ఆవిడ ఓపికగా వివరించారు. ఇరవై ఎనిమిది రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు, అదీ ఖాళీ కడుపున కాకుండా, పాలతో అసలే కలపకుండా ఇవ్వాలి. ఎందుకంటే పాలలోని కాల్షియం ఆ మందును పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు.

మాత్రల బాధ్యత మా అమ్మాయి తీసుకుంది. క్యాలెండరులో ఇరవై ఎనిమిది గడులు గీసి, రోజుకొకటి కొట్టేస్తూ, అన్నం ముద్ద మధ్యలో మాత్ర పెట్టి అది మింగేదాకా పక్కనే కూర్చునేది. నేను ఇంటి సంగతి చూశాను. పిడుదు తన జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, గోడ పగుళ్లలోనూ నేల సందుల్లోనూ గడుపుతుంది. ఒక్కొక్క ఆడ పిడుదు అక్కడ వేల గుడ్లు పెడుతుంది. నాన్నగారి కుర్చీ వెనక గోడలో ఎప్పటి నుంచో పూడ్చాలనుకున్న ఒక పగులు ఉంది. దానిలో టార్చి వేసి చూసిన రోజు నాకు కలిగిన బాధను ఇక్కడ రాయకుండా ఉండలేను. బెల్లం ఆయన కోసం ఎక్కడ పడుకుందో అక్కడే దానికి జబ్బు అంటుకుంది. మా దుఃఖం లాంటిదే దానికీ ఉందనుకోవడం మాకు ఎంత ఊరటగా అనిపించిందంటే, మూడు వారాల పాటు ఎవరమూ దాని ఒళ్లు తడిమి చూడలేదు. దానికి బెంగ లేదని నేను అనను, ఇప్పటికీ చెప్పుల చప్పుడుకు లేచి చూస్తుంది. కానీ పెంచుకున్న జంతువు రెండు రోజులు తినకపోతే కారణం మీరే ఊహించుకోకుండా రక్తపరీక్ష చేయించండని ఇది చదివే ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. దీపావళి నాటికి ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలకు వచ్చాయి.

ఇక ఫుట్‌బాల్. నాన్నగారు 1949లో సికింద్రాబాద్‌లో పుట్టారు కనుక, ఆయన బాల్యమంతా ఈ ఊరి ఫుట్‌బాల్ దేశాన్ని ఏలిన కాలంలో గడిచింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. మాకు ఇంట్లో రాజుల కథలకు బదులు 1962 జకార్తా ఆసియా క్రీడల కథ చెప్పేవారు. నాన్నగారికి అప్పుడు పదమూడేళ్లు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రక్షణ నుంచి తీసి ముందు వరుసలో ఆడించడం, అతనే గోలు కొట్టడం, స్టేడియమంతా మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తూ ఉంటే దక్షిణ కొరియాను 2–1తో ఓడించడం, ఇవన్నీ తన కళ్లతో చూసినట్లే చెప్పేవారు. రహీమ్ అప్పటికే కాన్సర్‌తో ఉన్నారనీ, మరుసటి ఏడాది జూన్‌లో పోయారనీ చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గేది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడే. ఆయన 1957లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయినా, నాన్నగారికి జీవితాంతం ఆయనే అభిమాన ఆటగాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయిన వార్త చదివి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన రాత్రిని మా ఇంట్లో ఎవరూ మరచిపోరు. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేసినప్పుడు నాన్నగారు లేచి నిలబడ్డారు, పెనాల్టీలలో మన గోల్‌కీపర్ కట్టిమణి కేరళ బ్లాస్టర్స్ షాట్లు మూడింటిని ఆపేదాకా కూర్చోలేదు. ఆ మరుసటి రోజే మా అమ్మాయి నాకూ బంతి కావాలని అడిగింది. ఇప్పుడు పద్నాలుగేళ్లు దానికి, బడి జట్టులో ఎడమ వైపు ఆడుతుంది.

అందుకే రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ చివరి అంచె పోటీలు ఈసారి హైదరాబాద్‌లో జరుగుతున్నాయని తెలిసినప్పుడు, సరదాలకు ఇది సమయం కాదని నాలో నేను ఎంత అనుకున్నా, అమ్మాయి ముఖం చూసి కాదనలేకపోయాను. తెలంగాణ జట్టు గ్రూపు దశలోనే వెనుదిరిగింది. డిసెంబరు 31 రాత్రి గచ్చిబౌలి స్టేడియంలో పశ్చిమ బెంగాల్, కేరళ తలపడ్డాయి. టీవీలో చూసే ఆటకూ మైదానం పక్కన కూర్చుని చూసే ఆటకూ ఎంత తేడా ఉందో నేను మరచిపోయాను. కెమెరా బంతి వెంట పోతుంది. అక్కడ కూర్చున్నవాడికి మాత్రం బంతి లేనిచోట వెనక్కి చేతులు ఊపుతూ అరిచే రక్షకుడు, పరుగు మొదలుపెట్టి ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టే కుర్రవాడు, గోల్‌కీపర్ కేక, బూటు బంతికి తగిలిన మొద్దు చప్పుడు అన్నీ అందుతాయి. నాన్నగారు నన్ను చిన్నప్పుడు లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లినప్పుడు, బంతిని చూడకు, అది ఎటు పోతుందో ముందుగా ఎవరికి తెలిసిందో వాడిని చూడు అనేవారు. ఆ మాటనే నేను అమ్మాయికి చెప్పాను.

మా చుట్టూ ఎక్కువమంది కేరళవాళ్లే. అంతకుముందు సెమీఫైనల్లో వాళ్ల జట్టు మణిపూర్‌ను 5–1తో ఓడించింది కనుక ధీమాగా ఉన్నారు, డప్పులు ఆగడం లేదు. తొంభై నిమిషాలు గోలు లేకుండా గడిచాయి. అదనపు సమయానికి వెళ్తుందని అందరూ అనుకుంటుండగా, గాయాల వల్ల కలిపిన నిమిషాల్లో రబి హాంస్దా గోలు కొట్టాడు. ఆ క్షణంలో డప్పులు ఒక్కసారిగా ఆగిపోయిన నిశ్శబ్దం, దూరంగా మరో మూల నుంచి వచ్చిన కొద్దిమంది బెంగాలీల కేక, ఈ రెండూ నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. బెంగాల్‌కు అది ముప్ఫై మూడో సంతోష్ ట్రోఫీ. 1965లో ఇదే ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ ఇదే బెంగాల్‌ను ఓడించి గెలిచిందని, అప్పుడు తనకు పదహారేళ్లని నాన్నగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో లెక్కలేదు. బయటికి వస్తూ అమ్మాయి, "తాతయ్య ఎవరి వైపు ఉండేవారు నాన్నా?" అని అడిగింది. బలరాం వెళ్లి ఆడిన ఊరు కదా, బెంగాల్ వైపే ఉండేవారని చెప్పాను. కొత్త సంవత్సరం బాణసంచా మొదలయ్యేసరికి ఇంకా దారిలోనే ఉన్నాం.

జనవరి మొదటి వారంలో అమ్మ, త్యాగయ్యగారి ఆరాధన జరిగే తిరువయ్యారు వెళ్దామంది. అమ్మది విజయనగరం. 1919లో ఏర్పడిన, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న మహారాజా సంగీత కళాశాలలో పెళ్లికి ముందు నాలుగేళ్లు గాత్రం నేర్చుకుంది. నాన్నగారికి సంగీతం పెద్దగా తెలియదు, కానీ అమ్మ ఉదయం పాడుకుంటుంటే రేడియో ఆపేసేవారు. ఆయన పోయాక అమ్మ పాడలేదు. మా పెద్దత్తయ్య, ఏడాది తిరగకుండా పుణ్యక్షేత్రాలకు వెళ్లడమేమిటని అభ్యంతరం చెప్పింది. అమ్మ చాలా నెమ్మదిగా, "ఆరాధన అంటే త్యాగయ్యగారు సిద్ధి పొందిన తిథి, వదినా. ఒక పెద్దాయన తిథి నాడు వెళ్లి కూర్చుంటాను, గుడికి వెళ్లడం లేదు" అంది. ఆ తరువాత ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడా అమ్మాయీ బెల్లాన్ని చూసుకుంటామన్నారు. మేమిద్దరం చెన్నై మీదుగా తంజావూరు చేరి, అక్కడికి పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరువయ్యారుకు జనవరి 18న, పుష్య బహుళ పంచమి నాడు, తెల్లవారేసరికి వెళ్లాం.

కావేరి ఒడ్డున పందిరి, కింద ఇసుక. కళాకారులు ఎదురెదురు వరుసల్లో నేల మీదే కూర్చుంటారు, వారి వెనక ఎవరైనా కూర్చోవచ్చు. త్యాగయ్యగారి సమాధి మీద 1925లో మందిరం కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. తన ఆస్తినంతా దానికే ఖర్చు చేసిన ఆమెకు మొదట్లో ఆ ఆరాధనలో పాడే అవకాశమే ఉండేది కాదు, ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆమె విగ్రహం సమాధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. అమ్మ ముందుగా అక్కడికే వెళ్లి నిలబడింది.

నాదస్వరం తరువాత వేణువుల మీద భైరవి వినిపించారు, ఆ వెంటనే నాటతో పంచరత్నాలు, అంటే నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో త్యాగయ్యగారు కూర్చిన ఐదు కృతులు, మొదలయ్యాయి. వందల గొంతులు, పదుల వయొలిన్లు, మృదంగాలు ఒకే లయలో కదులుతుంటే ఆ ధ్వని చెవికంటే ముందు కూర్చున్న ఇసుకకు తెలుస్తుంది. ఏ రికార్డింగులోనూ ఇది నేను వినలేదు. అక్కడ గొంతు కలిసినవారూ ఉన్నారు, అపశ్రుతి పలికినవారూ ఉన్నారు, పిల్లవాడిని ఒడిలో ఊపుతూ పాడినవారూ ఉన్నారు. నాట కృతి సంస్కృతం. గౌళ నుంచి అంతా తెలుగే. మన భాష మాట్లాడని ఇంతమంది ఇంత భక్తిగా మన మాటలు కంఠస్థం చేశారని చూడడం, తెలుగువాడిగా నాకు గర్వం కన్నా కృతజ్ఞతను ఎక్కువగా కలిగించింది.

అమ్మ గౌళ, ఆరభి జరుగుతున్నంతసేపూ చేత్తో తాళం మాత్రమే వేసింది. వరాళి మొదలైనప్పుడు చేయి ఆగింది. వరాళిని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు కలుగుతుందని ఒక నమ్మకం. అమ్మ గురువుగారు మిగిలిన నాలుగూ స్వయంగా చెప్పి, ఆ ఒక్కటి మాత్రం పెద్ద విద్యార్థులు పాడుతుండగా పక్క గదిలో కూర్చుని వినమన్నారట. అలా వినికిడి మీదే పట్టుకున్న కృతి అది. రెండో చరణం దగ్గర అమ్మ పెదవులు కదిలాయి, తరువాత సన్నగా గొంతు వినిపించింది, నాలుగైదు చరణాలయ్యాక సాహిత్యం తడబడింది. పక్కన కూర్చున్న తమిళావిడ గమనించి తన పుస్తకం అమ్మ ముందుకు జరిపింది. అది తమిళ లిపిలో ఉంది, అమ్మకు చదవడం రాదు. ఆవిడకు విషయం అర్థమై పుస్తకం మూసేసి, అమ్మ వైపు తిరిగి, ప్రతి చరణం మొదటి మాటను కాస్త గట్టిగా, ఒక్క క్షణం ముందుగా పలుకుతూ వచ్చింది. అమ్మ ఆ మాట అందుకుని పాడింది. శ్రీరాగం పూర్తయ్యేదాకా అలాగే సాగింది. లేచేటప్పుడు ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు కానీ, మాట్లాడుకోవడానికి ఇద్దరికీ తెలిసిన భాష ఏదీ లేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజు నుంచి అమ్మ ఉదయం ఆరు గంటలకు వరండాలో కూర్చుని పాడుకుంటోంది. మరచిపోయిన వరాళి చరణాలను నేను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను కానీ, ఆ కాగితం మడతపెట్టి పక్కన ఉంచి, గుర్తొచ్చినంతవరకే పాడి ఆపుతుంది. గోడ పగులు పూడ్చాక నాన్నగారి కుర్చీ మళ్లీ దాని చోటికి వచ్చింది. బెల్లం కొద్ది రోజులు కుర్చీ కింద, కొద్ది రోజులు అమ్మ కాళ్ల దగ్గర పడుకుంటోంది. వచ్చే నెల మొదట్లో దానికి మళ్లీ రక్తపరీక్ష ఉంది. అదే వారంలో అమ్మాయికి బడి జట్టు తరఫున మొదటి పోటీ. ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తానంది.