పోలేరమ్మ కథలోకి డాక్టరుగారు రాకుండా అడ్డం పడ్డ వైనం

నిన్ననే ప్రూఫులు చూసి పంపించాను. కథలో డాక్టరు లేడు, అమ్మవారి మహిమా లేదు. ఈ రెండూ లేకుండా అమ్మవారి కథ ఒకటి అచ్చేయించుకోవాలంటే ఎన్ని మాటలు పడాలో కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. మన నమ్మకాల మీద కథ రాద్దామనుకునేవాళ్లకు పని ఎక్కడ సులువో, ఎక్కడ నడుం విరుగుతుందో ముందే తెలియడం మంచిది.

నమ్మకాన్ని ఎంచుకోవడం సులువు. గ్రామదేవతల సంప్రదాయమంతా నెత్తికెత్తుకోకండి, ఒక్క కట్టడి చాలు. నేను తీసుకున్నది, ఇంట్లో పిల్లకి అమ్మవారు పోసినన్నాళ్లూ పోపు వేయకూడదన్నది.

ఊరూ కాలమూ కుదర్చడం కాస్త ఓపికగా చేయాలి. నెల్లూరు వైపు కథయితే పోలేరమ్మ, తెలంగాణ కథయితే పోచమ్మ. వెంకటగిరి పోలేరమ్మ జాతర వినాయక చవితి వెళ్లాక వస్తుంది, హైదరాబాదు బోనాలు ఆషాఢంలో, విజయనగరం పైడితల్లి సిరిమాను దసరా తర్వాతి మంగళవారం. వీటిని కలగాపులగం చేసిన కథలు నెలనెలా వస్తూనే ఉన్నాయి, బహుమతులు కూడా కొడుతున్నాయి. ఇక కాలం. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నా కథ జరిగేది 1984 వేసవిలో. అంటే పిల్లకి వచ్చింది ఆటలమ్మే కావాలి. దాంతో పొక్కుల వర్ణన మారిపోతుంది. మశూచి పొక్కులు ముఖం మీద, కాళ్లూ చేతుల మీద ఎక్కువ, పక్కపక్కనున్నవన్నీ ఒకే ఈడువి. ఆటలమ్మవి ఛాతీ మీద, వీపు మీద ఎక్కువ. ఒకటి నీటిబుగ్గలా ఉంటే పక్కది చెక్కు కడుతుంటుంది, ఇంకోటి అప్పుడే ఎర్రగా లేస్తుంటుంది. ముఖమంతా మశూచి గుంటలున్న మనిషి కావాలంటే ఆ ఇంటి నాయనమ్మని చేయండి. అప్పుడు ఆవిడ భయానికి కారణం వేరే రాయక్కర్లేదు.

వివరాలు సేకరించేటప్పుడు "మీ నమ్మకాలేంటమ్మా?" అని అడిగారో, పని చెడింది. టీవీ వాళ్లకు చెప్పినట్టు చెప్తారు, లేదంటే "అయ్యన్నీ ఇప్పుడెక్కడియి నాయనా" అని కొట్టిపారేస్తారు. నమ్మకం గురించి కాదు, పని గురించి అడగాలి. ఆ రోజుల్లో కూర ఎలా చేశారు? గుమ్మానికి వేపమండ కట్టాక లోపలికి ఎవరొచ్చారు, వాకిట్లోనే ఎవరు ఆగారు? బట్టలు చాకలికి వేశారా? అప్పుడు మాట ఆగదు. పోపు లేదు, వేపుడు లేదు, నీచు లేదు. చద్దన్నం, పెరుగు, ఉడకబెట్టిన పప్పు. బయటినుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా లోపలికి రాకూడదు, మైలవాళ్లు అసలే రాకూడదు. దురద పెడితే గోకనివ్వరు, వేపరెమ్మతో నిమురుతారు. పిల్ల ఎంత పేచీ పెట్టినా కసరరు, ఆ రోజుల్లో పిల్లే అమ్మవారు. వేపాకూ పసుపూ వేసి ఎండలో కాగిన నీళ్లు పోస్తారు. ఎన్నోరోజు పోయాలి, ఏ వారం పోయాలి అన్నది ఇంటికో రకం. అందుకే ఒకే ఊళ్లో వేరువేరు కులాల ఇళ్లలో అడిగి, కథకి ఒక్క ఇంటి పద్ధతే పెట్టుకోవాలి. అన్నిళ్ల పద్ధతులూ ఒక ఇంట్లో కుక్కితే అది కథ కాదు, ఎగ్జిబిషన్.

జాతరలో పాడే పంబలవాళ్లనీ, ఆసాదుల్నీ అడిగితే సంభావన ఇవ్వండి. అది వాళ్ల వృత్తి. ఫోన్లో రికార్డు చేసుకుని టీ తాగించి పంపేసే పరిశోధకులు ఈమధ్య ఎక్కువయ్యారు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో కులాల గురించి రాసింది తిరగేయవచ్చుగానీ, అది మద్రాసు మ్యూజియం అధికారి చూపు. బలి ఎలా ఇచ్చారో దొరుకుతుంది, ఆ పూట వంటింట్లో ఏం జరిగిందో దొరకదు.

రాయడంలో కీలకం తేదీల లెక్క. ఆటలమ్మ ఒకరినుంచి ఇంకొకరికి అంటి బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువగా రెండు వారాలు. నా కథ నిలబడింది దీని మీదే. పెద్దపిల్లకి పొక్కులు లేచినప్పటినుంచీ ఇంట్లో కట్టడి. మూడో నీళ్లు పోసేశారు, వేపమండ తీసేశారు. మర్నాడు తల్లి బాణలి పెట్టి, నూనె కాగాక ఆవాలు వేసింది. ఆ చిటపటకి ఇంట్లో అందరూ ఒక్కసారి వంటింటి వైపు తిరిగారు. సాయంత్రానికి చిన్నదాని వీపు మీద మూడు నీటిబుగ్గలు. పెద్దదానికి అమ్మవారు పోసిన రోజునుంచి లెక్కేస్తే అది పద్నాలుగో రోజు.

తేదీలు కథలోనే ఉన్నాయి, వారాల పేర్లతో సహా. లెక్కేసుకునేవాడు లెక్కేసుకుంటాడు. నాయనమ్మ మాత్రం ఆవాల వాసనకే అమ్మ వెనక్కి తిరిగొచ్చిందంటుంది. తల్లి ఏమీ అనదు, బాణలి తీసి అటక మీద పెడుతుంది. రచయిత కూడా నోరు మూసుకోవాలి.

ఇదీ నేను పంపిన కథ. ఒక పత్రికవాళ్లు పిలిచారు, వెళ్లాను. ఎడిటరుగారి బల్ల చుట్టూ ఇంకో నలుగురున్నారు. ఆయన కథ కాగితాలు ఇలా ఆడిస్తూ "ఇందులో సందేశం ఏదండీ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే "మీరు చదువుకున్నవారేనా? ఇంకా ఇవన్నీ నమ్ముతున్నారా?" పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఇంత వయసొచ్చాక, పదిమంది ముందు, పోలేరమ్మని నమ్ముతావా లేదా అని బోనెక్కించి అడిగినట్టయింది. నమ్ముతానంటే మూఢుణ్ని, నమ్మనంటే నాకీ వివరాలు చెప్పిన ముసలమ్మల్ని అమ్ముకుని కథ రాసినవాణ్ని. కథలో పాత్ర నమ్మితే చాలు, రచయిత ఓటు ఎవరిక్కావాలి? ఆ మాట అక్కడ తట్టదు కదా, మెట్లు దిగాక తడుతుంది.

ఆయన దిద్దిన ప్రతి ఇంటికొచ్చాక చూస్తే ఒళ్లు మండింది. పోపు పేరాలన్నీ కొట్టేసి అంచున "వంటల గోల" అని రాశారు. చివర్న టౌన్నుంచి ఒక డాక్టరు దిగాడు. స్కూటరు స్టాండు వేసి, వాకిట్లో జనాన్ని పోగేసి, వైరస్ అంటే ఏమిటో పేజీన్నర చెప్పాడు. నాయనమ్మ కళ్లు తెరిచి చేతులు జోడించింది. డాక్టరు చెప్పేది తప్పని కాదు. అది రాయాల్సింది ఆరోగ్య పేజీలో. పైగా వైరస్ నా కథలో మొదటినుంచీ ఉంది, పద్నాలుగు రోజుల లెక్కలో. దాన్ని కనిపెట్టే ఆనందం పాఠకుడిదగ్గర లాక్కుని డాక్టరుకిచ్చారు.

కోపంలో కథ తీసుకెళ్లి ఇంకోచోట ఇచ్చాను. అక్కడ పెద్దాయన బహు మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇప్పించాడు. "కథ బ్రహ్మాండం. చివర్న తల్లి గుడికెళ్లి పొర్లుదండాలు పెట్టి, తెల్లారేసరికి పిల్లకి మచ్చలు మాయమైతే పాఠకులు కళ్లనీళ్లు పెట్టుకుంటారు" అన్నాడు. ఆయనకీ పోపు పేరాలు అక్కర్లేదట. హేతువాదీ భక్తుడూ దేనిమీదా కలవరుగానీ, వంటింట్లో ఆడవాళ్లు ఏం చేశారన్నది కొట్టేయడంలో మాత్రం ఒక్కటే.

చివరికి మొదటి పత్రికలోనే ఇంకొక సబ్‌ఎడిటరు, ఒకమ్మాయి, ఫోన్ చేసింది. "సార్, డాక్టర్ని తీసేయిస్తా, మీరు పొడుగు తగ్గిస్తారా?" బేరం కుదిరింది. వదులుకోదగ్గవి వదిలేశాను. జాతర వర్ణన మొత్తం, పోతురాజు కొరడా, పంబ చప్పుడు. అవి ఎవరైనా రాయగలరు. వదలనివి ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను: వారాల పేర్లు, బాణలి, అటక, నాయనమ్మ ముఖం మీది గుంటలు. మీరూ ఇలాంటి జాబితాతోనే బేరానికి కూర్చోండి. లేకపోతే అవతలివాళ్లు మొదట అడిగేది ఆ బాణలినే.

కింద అధోజ్ఞాపికల్లో ఆటలమ్మ అంటే ఏమిటో, వేపమండ ఎందుకో రాయమన్నారు. రాయలేదు. తెలుగు పత్రిక చదివేవాడికి వేపమండ ఎందుకో చెప్పడమేమిటి? అమెరికాలో పుట్టిన పిల్లలు చదువుతారట. చదవనీ, వాళ్లమ్మని అడుగుతారు.

ఆఖరి గొడవ బొమ్మతో. చిత్రకారుడు నాలుక బయటపెట్టిన అమ్మవారిని, వెనక మంటల్ని వేసి పంపాడు. కథలో అమ్మవారు ఒక్కసారి కూడా కనబడదని చెప్తే, "మరి బొమ్మ దేనికేయాలి?" అన్నాడు. అటక మీద బోర్లించిన బాణలి వేయమన్నాను. గొణుక్కుంటూనే వేశాడు, బాగానే వచ్చింది. ప్రూఫులో "ఆటలమ్మ"ని రెండుచోట్ల "పాటలమ్మ" చేశారు. దిద్ది పంపాను. అచ్చులో ఏమవుతుందో వచ్చే నెల చూడాలి.