పాట ఆపాకే చీకటి కనిపించింది

నిన్న రాత్రి బెడ్‌లైట్ వేయకుండా, చెవుల్లో హెడ్‌ఫోన్స్ లేకుండా పడుకున్నాను. ఇలా వరసగా ఇది 11వ రాత్రి. నా వయసు 36. ఇందులో గొప్పేముంది అనిపిస్తే మీకు ఈ గోల అక్కర్లేదు, హాయిగా వెళ్లి పడుకోండి. అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే మూడు లైట్లు వేసుకుంటూ వెళ్లి, ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చి, చివరి స్విచ్ నొక్కగానే మంచం మీదికి దూకే పెద్దమనుషులు నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నా.

నాకు దెయ్యాల భయం లేదు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నేను మొదట వెళ్లిన కౌన్సెలర్‌కి రెండు సెషన్లయినా ఇది ఎక్కలేదు. "దెయ్యాలు లేవని మీకూ తెలుసు కదండీ" అంటాడాయన. తెలుసంటాను. "మరి దేనికి భయం?" అంటాడు. అది తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను నాయనా! లైటు ఆర్పగానే బీరువాకీ తలుపుకీ మధ్య ఎవరో నిలబడ్డట్టుంటుంది. ఎవరూ లేరని తెలుసు. అయినా గుండె దడదడలాడుతుంది. తెలిసినంత మాత్రాన పోయేదైతే పదేళ్ల వయసులోనే పోయేది. భయానికి లాజిక్‌తో జవాబు చెప్పే మనిషి తగిలితే రెండో సెషన్‌కి వెళ్లకండి. నేను వెళ్లాను.

తర్వాత ఒక సైకాలజిస్టు మేడం దొరికారు. ఫారాలు, ప్రశ్నలు ఒక పూటలో అయిపోయాయి. చీకటి భయాన్ని నిక్టోఫోబియా అంటారనీ, స్పెసిఫిక్ ఫోబియాల కింద లెక్కేస్తారనీ, సాధారణంగా 6 నెలలకు మించి ఉండి బతుకుని ఇబ్బంది పెడుతుంటేనే ఆ పేరు పెడతారనీ చెప్పారు. నాది 30 ఏళ్లకు పైమాటే. 1997లో క్రిస్టియన్ గ్రియాన్ అనే పరిశోధకుడి బృందం మనుషుల మీద చేసిన పరిశోధన గురించి కూడా చెప్పారు. హఠాత్తుగా శబ్దమైతే ఎవరైనా ఉలిక్కిపడతారు కదా, అదే శబ్దానికి చీకట్లో ఇంకా గట్టిగా ఉలిక్కిపడతారట. అంటే చీకట్లో శరీరం ముందే బిగుసుకుని కూర్చుంటుందన్నమాట. నాకొక్కడికే కాదన్న ఆ ఒక్క ముక్క విన్నాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

కండరాలు ఒక్కొక్కటీ బిగించి వదిలే రిలాక్సేషన్ నేర్పారు. నేను మధ్యలోనే నిద్రపోయాను. ఆ దశ గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

తర్వాత మెట్లు. జోసెఫ్ వోల్పే అనే ఆయన 1950ల్లో వేసిన దారి ఇది. భయపడే పనుల్ని తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా వరసగా రాసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కడం. ప్రతిదానికీ 0 నుంచి 100 దాకా మార్కు వేయాలి. సున్నా అంటే నిశ్చింత, వంద అంటే ఇక పారిపోవడమే. నేను పది మెట్లు రాశాను. హాల్లో లైటు ఉండగా గది చీకటి చేయడం 20. బెడ్‌లైట్ లేకుండా పడుకోవడం 40. మేడం నా కాగితం చూసి "పరవాలేదే" అన్నారు. మూడు వారాల్లో ఐదు మెట్లు ఎక్కేశాను. తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. "అయితే ఇక నీ గది లైటుకి రిటైర్మెంటేనా అన్నయ్యా" అని నవ్వాడు వెధవ.

ఇక్కడ నా పాటల గురించి చెప్పాలి. నేను పదేళ్లుగా సింథ్‌వేవ్ వింటున్నాను, నాలుగేళ్లుగా ఇంట్లో చేస్తున్నాను కూడా. 1980ల నాటి సింథసైజర్ల మోత, డ్రమ్ మెషీన్ దెబ్బ, దాని మీద ఖాళీ రోడ్డు మీద రాత్రంతా కారు నడుపుతున్నట్టుండే మూడ్. ఈ సంగీతంలో రాత్రి లేని పాట తక్కువ. ఫ్రాన్స్‌కి చెందిన కావిన్‌స్కీ తన కోసం అల్లుకున్న కథే చూడండి: 1986లో కారు ప్రమాదంలో చచ్చిపోయి, 2006లో జాంబీగా తిరిగొచ్చి మ్యూజిక్ చేస్తున్నవాడట. ఇక డార్క్‌సింథ్ అనే పిల్ల శాఖ ఉంది, అది పాత హారర్ సినిమాల రక్తం తాగి పెరిగింది. చీకటంటే వణికేవాడివి, ఇలాంటివి ఎలా వింటావని అందరూ అడుగుతారు. వింటేనే భయం తగ్గేది నాకు. ఎందుకో ఇన్నేళ్లూ అర్థం కాలేదు.

భయపెట్టే పనిముట్లన్నీ నాకు తెలుసు, రోజూ వాడేవే. స్వరం పుట్టించే ఆసిలేటర్ ఒకటి 110 హెర్ట్జ్ మీద, 111 మీద ఇంకొకటి పెడితే సెకనుకోసారి ఆ శబ్దం ఉబ్బి తగ్గుతుంది, ఏదో ఊపిరి తీస్తున్నట్టు. పై స్వరాలను కోసేసే ఫిల్టర్ మూసేస్తే పక్క గదిలోంచి గోడ దాటి వస్తున్నట్టుంటుంది, ఎందుకంటే గోడ కూడా పై స్వరాలను మింగేసి బేస్‌నే వదులుతుంది. బాగా కింది బేస్ ఎటునుంచి వస్తోందో చెవికి పట్టుబడదు. ఎక్కడుందో తెలియని శబ్దం కంటే భయపెట్టేది ఏముంది? జాన్ కార్పెంటర్ 1978లో తన హాలోవీన్ సినిమాకి తానే సంగీతం చేసుకుంటూ ఐదు దెబ్బల తాళం వాడాడు. నాలుగుకి అలవాటుపడ్డ చెవికి ఆ ఐదోది ప్రతిసారీ మెట్టు తప్పినట్టే ఉంటుంది. ఈ విద్యలన్నీ కలిపి నేను చేసిన ఒక బేస్ ప్యాచ్, అంటే సింథ్‌లో అమర్చుకున్న కింది స్వరం, ఉంది, దాన్ని విని సౌండ్ ఇంజినీరైన నా ఫ్రెండే లేచి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అతిశయం అనుకున్నా సరే.

అసలు కథ నాలుగో సెషన్‌లో జరిగింది.

ఆ రోజు ప్రాక్టీస్ వాళ్ల ఆఫీసులోనే. ఫైళ్లు పెట్టుకునే కిటికీ లేని చిన్న గది. అందులో లైటు ఆర్పి 20 నిమిషాలు కూర్చోవాలి, ఆవిడ తలుపు బయట కూర్చుని రెండు నిమిషాలకోసారి నంబర్ అడుగుతారు. నేను ధీమాగా లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ స్విచ్ మీద చెయ్యి వేసి ఆగారు.

"మెడలో ఉన్నవి దేనికండీ?"

"హెడ్‌ఫోన్స్ మేడం. అలవాటు."

"పాట వస్తున్నట్టుంది."

వస్తోంది. సన్నగా. నేను ఆపడం మర్చిపోయానంటే అబద్ధం, ఆపాలనే అనుకోలేదు.

"ఇంట్లో ప్రాక్టీస్ చేసినప్పుడు కూడా ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. ఐదు మెట్లకీ? ఐదింటికీ. ఆవిడ నా కాగితం, పెన్ను చేతికిచ్చి, పాట లేకుండా అయితే మార్కులెంతో మళ్లీ వేయమన్నారు. 40 ఉన్నచోట 95 వేశాను. నా చెయ్యి ఎలా వేసిందో నాకే తెలియదు. మూడు వారాల హోంవర్క్ ఒక్క నిమిషంలో చెత్తబుట్ట పాలు. "మీరు చీకటితో లేరండీ, పాటతో ఉన్నారు" అన్నారావిడ, కోపంగా కూడా కాదు. దీన్ని సేఫ్టీ బిహేవియర్ అంటారట. చేతిలో టార్చి, పక్కన మనిషి, చెవిలో పాట, ఏదైనా అంతే. అది ఉన్నంతసేపూ నేను బతికింది దానివల్లే అని మెదడు లెక్క రాసుకుంటుంది తప్ప, చీకటి ఏమీ చేయలేదన్న లెక్క రాసుకోదు.

నేను ఊరుకోలేదు. చదువుకున్నవాణ్ని కదా! ఫ్రాయిడ్ చెప్పిన ఒక ముచ్చట తీశాను. చీకటి గదిలో ఉన్న పిల్లాడు పక్క గదిలో ఉన్న పిన్నిని మాట్లాడమంటాడు. నేను కనిపించను కదా, మాట్లాడితే ఏం లాభం అంటుంది ఆవిడ. ఎవరైనా మాట్లాడితే వెలుగొస్తుందంటాడు వాడు. "చూశారా మేడం, శబ్దమే వెలుగు. సంగీతం కూడా అంతే" అన్నాను గొప్పగా.

"ఆ పిల్లాడికి మూడేళ్లండీ" అన్నారు మేడం.

హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చేశాను.

లైటు ఆరింది. మొదటి నంబర్ 70. రెండో నంబర్ 85. నాకు తెలియకుండానే వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. "వేళ్లు కూడా వద్దండీ" అని బయటినుంచి గొంతు. ఆపాను. మనసులో మొదలైంది, నా పాటే, నిమిషానికి 100 బీట్లు, స్వరాల్ని ఒకదాని వెంట ఒకటి తనే వాయించుకుపోయే ఆర్పెజియేటర్ టికటికమంటూ. "మనసులో పాడుతున్నారా?" లేదండీ అన్నాను. బూటులో బొటనవేలు మాత్రం కదులుతూనే ఉంది. అప్పుడు దాన్ని కూడా ఆపాను. ఆపిన క్షణంలో గది నా మీద పడింది. దేనికీ లెక్క లేదు. తర్వాతి దెబ్బ ఎప్పుడో తెలియదు, అసలు తర్వాతి దెబ్బ అనేదే లేదు. 90 అన్నానో 95 అన్నానో గుర్తులేదు, ఏడో నిమిషంలో లేచి తలుపు కోసం గోడ తడుముతున్నాను. సరిగ్గా అప్పుడే, మేడం ఆపేలోపే, రిసెప్షన్ అమ్మాయి ఏదో ఫైలు కోసమని తలుపు తీసి లైటు వేసింది. గోడకి రెండు చేతులూ ఆనించి, చెమటతో, కళ్లు చిట్లించి నేను. "అయ్యో, బల్బు పోయిందనుకున్నానండీ" అందా అమ్మాయి. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఫైళ్ల గదిలో పేషెంటుని కూర్చోబెట్టేటప్పుడు తలుపుకొక బోర్డు పెట్టాలన్న ఇంగితం ఉండొద్దా? మేడం మీద ఎంత గౌరవమున్నా ఆ విషయంలో నాకు ఇప్పటికీ మంటే. మీరు ఇలాంటి సెషన్‌కి వెళితే ముందే అడిగి బోర్డు పెట్టించుకోండి.

ఇంటికి పోతానన్నాను. పది నిమిషాలాగి మళ్లీ కూర్చోమన్నారు. భయం శిఖరం మీదుండగా పారిపోతే, పారిపోవడమే మందని మెదడుకి నేర్పినట్టవుతుందట. ఈలోగా కంటి గురించి చెప్పారు, ఈ మొత్తం వ్యవహారంలో నాకు పనికొచ్చిన ముక్క ఇదే. చీకట్లో చూసేది కంట్లోని రాడ్ కణాలు. అవి పూర్తిగా తేరుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి లైటు వేస్తే మళ్లీ మొదటికే. పైగా చూపు సరిగ్గా నిలిచే నట్టనడి మచ్చలో రాడ్లే ఉండవు. అందుకే కంటి కొసన ఏదో ఉన్నట్టు కనిపిస్తుంది, తిరిగి సూటిగా చూస్తే మాయమవుతుంది. బీరువా పక్కన నిలబడే నా పెద్దమనిషి జాతకం మొత్తం అదీ! ముప్పై ఏళ్లుగా రెండో నిమిషంలోనే స్విచ్ నొక్కుతున్నవాణ్ని. అంటే నేను చీకటిని ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు.

రెండోసారి 22 నిమిషాలు కూర్చున్నాను. 90, 90, 85, 85, 85. ఎంతకీ కదలదే అనుకుంటుంటే 70కి దిగింది. తలుపు కిందనుంచి వచ్చే సన్నటి గీత చాలు, పదిహేనో నిమిషానికి అరలు కనిపించాయి. తర్వాత అరల్లో ఫైళ్ల అంచులు. ఒక మూల మడత కుర్చీ. అంతే ఉంది ఆ గదిలో. బయటికొచ్చేసరికి 45.

ఆ తర్వాతి ఏడు వారాలు పాత మెట్లే మళ్లీ, నిశ్శబ్దంలో. గదులు మార్చి, వేళలు మార్చి చేయించారు. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త జ్ఞాపకం పెరుగుతుంది, అది ఒక్క గదికే అంటుకుపోకూడదని మిషెల్ క్రాస్క్ లాంటి భయాల పరిశోధకులు చెప్పే మాట. మధ్యలో జ్వరమొచ్చి పది రోజులు ఆపితే 30 ఉన్నది 65కి ఎగిరింది. ఏడుపొచ్చింది. అలా తిరిగి రావడం మామూలేనని ముందే చెప్పారు కాబట్టి మానేయలేదు. మీకూ అలా జరిగితే కొత్తగా పాడైందేమీ లేదు, రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కండి.

చివరి సెషన్లో పాటలు తిరిగి వినొచ్చన్నారు, పడుకోవడానికి మాత్రం వద్దన్నారు. ఇంటికొచ్చి నా పాత ట్రాక్‌లు వరసగా విన్నాను, లైటు ఆర్పేసి. ఎంత వెలుతురో వాటిల్లో! నియాన్ బోర్డులు, కారు డాష్‌బోర్డు, దూరంగా సిటీ లైట్లు. మా సంగీతంలో రాత్రి ఉంది కానీ చీకటి లేదు. పైగా ప్రతి 0.15 సెకనుకి ఒక స్వరం ఠంచనుగా పడుతూ, తర్వాత ఏం రాబోతోందో ముందే చెప్పేస్తుంది. నాకెందుకు భయం వేసేది కాదో అప్పుడర్థమైంది. నా ఫ్రెండ్ తలుపు వేసుకున్న ఆ బేస్ కూడా అంతే, వెనకాల డ్రమ్ మెషీన్ కాపలా కాస్తూనే ఉంది. ఇప్పుడు డ్రమ్స్ లేకుండా, ఆర్పెజియేటర్ లేకుండా ఒకటి చేస్తున్నాను. సింథ్ మీద వెలిగే చిన్న లైట్లకి నల్ల టేపు అంటించి, నాబ్‌లు తడుముకుంటూ. ఇంకా బాగా రాలేదు.

నిన్న రాత్రి మూడింటికి బాత్రూమ్‌కి లేచాను. ఒక్క లైటూ వేయలేదు. వచ్చేటప్పుడు ఆ సింథ్ స్టాండుకే కాలు తగిలింది. భయం 10. బొటనవేలు మాత్రం 80, పొద్దున్నుంచీ తగ్గట్లేదు.