కరెంటు పోయే లోపల పెళ్లి క్యాసెట్

2009 అక్టోబరు 2న కర్నూలులోకి తుంగభద్ర, హంద్రీ నీళ్లు వచ్చినప్పుడు మా ఇంటి కింది వాటా కిటికీల పైదాకా మునిగింది. మేం మేడ మీద ఉండిపోయాం. నీళ్లు తీశాక బురద ఎత్తిపోస్తూ చెక్క బీరువా తెరిస్తే ఆల్బమ్‌లు అట్టల్లా అతుక్కుపోయి ఉన్నాయి. కింది అరలోని వీడియో క్యాసెట్లు మూడూ బురద ముద్దలయ్యాయి. అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్న ఐదు మాత్రం బతికాయి. వాటిలో 1994 నాటి మా అక్క పెళ్లి ఉంది. జేజి నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

"ఒక్కచోట పెట్టుకుంటే ఇట్లే పోతాయి. అందరికీ తలా ఒకటి చేసియ్యి" అంది అమ్మ. అందరికీ అంటే నంద్యాల పెద్దమ్మ, ఆదోని మామ మొదలుకొని ఎనిమిది ఇళ్లు. వాళ్లెవరి ఇంట్లోనూ కంప్యూటర్ లేదు, డీవీడీ ప్లేయర్ మాత్రం అందరికీ ఉంది. క్యాసెట్‌కి రెండు డిస్కుల చొప్పున లెక్కేస్తే ఎనభై డిస్కులు.

క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కించడం కష్టం కాదు, ఓపిక కావాలంతే. వీసీఆర్ నుంచి హ్యాండీక్యామ్‌కి, అక్కడి నుంచి ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌కి. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది. ఏ ప్రాసెసర్ వేసినా క్యాసెట్ తన వేగంతోనే తిరుగుతుంది కదా. గంట వీడియోకి 13 జీబీ లెక్కన ఐదు క్యాసెట్లకీ కలిపి 200 జీబీ దగ్గరికి వచ్చింది. దీనికోసమే 500 జీబీ హార్డ్ డిస్క్ కొన్నాను.

అసలు కథ ఎన్‌కోడింగ్ దగ్గర, అంటే అంత పెద్ద వీడియోని డీవీడీలో పట్టేట్టు కుదించే దగ్గర మొదలైంది. మేడ మీద ఉండబట్టి మునగకుండా మిగిలిన నా పాత పెంటియం 4లో ఒక క్యాసెట్‌కి పది గంటలు చూపించింది. రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున కరెంటు పోయింది. యూపీఎస్ పావుగంట కుయ్యిమని ఆగిపోయింది. పొద్దున చూస్తే సగం ఫైలు, అదీ తెరుచుకోలేదు. మరుసటి రాత్రీ అంతే. మూడో రాత్రి కరెంటు ఉంది గానీ డిస్క్‌లో చోటు చాల్లేదని ఆగింది. అది నా తప్పే.

అంతసేపు ఎందుకని చూస్తే లెక్క ఇదీ. మన టీవీ పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు. మూడు గంటలకి 2,70,000. ఒక్కో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. డీవీడీకి వాడే ఎంపెగ్-2 ఆ బొమ్మని 1,620 గళ్లుగా చేసి, ఒక్కో గడీ పక్క బొమ్మల్లో ఎటు జరిగిందో వెతుకుతుంది. జరిగిన తేడా మాత్రమే రాసుకుంటుంది. వెతకడమే ఎక్కువ సమయం తింటుంది. పైగా నేను రెండు విడతలుగా చేయిస్తున్నాను. మొదటి విడతలో ఎక్కడ కదలిక ఎక్కువో చూసుకొని, రెండో విడతలో తలంబ్రాల దగ్గర ఎక్కువ జాగా, అక్షింతలకి కూర్చున్న పెద్దల దగ్గర తక్కువ జాగా ఇస్తుంది. ఒక్క విడతతో కానిస్తే తలంబ్రాలు గడులు గడులుగా పగిలిపోతాయి.

చివరికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి పోయి కోర్ 2 క్వాడ్ ప్రాసెసర్ వేయించి కొత్త సిస్టం కట్టించాను. నాలుగు కోర్లు, అంటే ఒకే ప్రాసెసర్లో విడివిడిగా పనిచేసే నాలుగు భాగాలు, 2.66 గిగాహెర్ట్జ్. మా బావ పెట్టె మీద అచ్చు చదివి, "ఏమప్పా, పాతదాంట్లో మూడు అని ఉండె, దీంట్లో రెండున్నర చిల్లరే. డబ్బులిచ్చి తగ్గించుకొచ్చినావా?" అన్నాడు. గిగాహెర్ట్జ్ అంటే అడుగులు ఎంత త్వరగా వేస్తుందన్నదే, అడుగు ఎంత పెద్దదన్నది వేరే లెక్క. ఆయనకి అలా చెబితే నవ్వాడు.

నవ్వడంలో తప్పేం లేదులే. మొదటిరోజు నాకూ ఏడుపొచ్చింది. పాత సాఫ్ట్‌వేర్‌నే ఎక్కించి నడిపితే, ఏ కోర్ ఎంత పనిచేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్‌లో నాలుగు గీతల్లో ఒక్కటే పైకి లేచింది, మొత్తం వాడకం 25 శాతం. మూడు కోర్లు ఊరికే కూర్చున్నాయి. ఆ ప్రోగ్రాం ఒక్క కోర్ ఉన్న రోజుల్లో రాసింది, పని పంచడం దానికి రాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంకి మారి థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పని పాయలు, నాలుగని చెబితే గానీ నాలుగు గీతలూ లేవలేదు. ఎంపెగ్-2లో బొమ్మని అడ్డ పట్టీలుగా కోసి తలా కొన్ని ఇచ్చే వీలుంది. కుప్ప పోసిన శెనక్కాయల్ని నలుగురు పంచుకొని ఒలిచినట్టే. క్యాసెట్ గంటా పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

అయితే పాత క్యాసెట్లలో చీమలు పారినట్టు గరుకు ఉంటుంది. ఎన్‌కోడర్ దాన్నీ కదలిక అనుకొని జాగా అంతా దానికే తగలేస్తుంది. అది తగ్గించే ఫిల్టర్ పెడితే గంటా పావు కాస్తా మూడు గంటలైంది. ఫిల్టర్ నడిచేది ఒక్క కోర్ మీదే మరి. అక్కడ ఒకడు ఒక్కో బొమ్మా తుడిచి ఇస్తుంటే, మిగతా ముగ్గురూ చేతులు కట్టుకొని నిలబడ్డారు. దీనికి విరుగుడు ఒక్కటే దొరికింది. క్యాసెట్‌ని పావుగంట ముక్కలుగా కోసి, ఒకేసారి మూడు ముక్కలని మూడు కిటికీల్లో నడిపాను. గంటా నలభై నిమిషాలకి దిగింది.

ముక్కలు చేయడం నిజానికి కరెంటు కోసం మొదలుపెట్టిన అలవాటు. 2010 వేసవిలో మా వీధిలో పొద్దున పది నుంచి పన్నెండు దాకా, మళ్లీ సాయంత్రం రెండు గంటలు కరెంటు ఉండేది కాదు. ముక్క పోతే పావుగంట వీడియోనే పోతుంది. కొత్త ప్రాసెసర్ వల్ల నాకు దక్కిన మేలు కూడా రెండు కోతల మధ్య ఒక క్యాసెట్ పూర్తిగా దిగడమే. పాతదాని పది గంటల పని పగలు ఏ కోతకూ అందకుండా పోయేది కాదు.

ఏప్రిల్‌లో ఉన్నట్టుండి నెమ్మదించింది. చూస్తే ప్రాసెసర్ వేడి తొంభై డిగ్రీలు దాటుతోంది. నాలుగు కోర్లూ గంటల తరబడి నిండుగా నడిస్తే, పైగా కర్నూలు ఎండ, కాలిపోకుండా అదే వేగం తగ్గించుకుంటోంది. ఫ్యాను రెక్కల్లో ఇంకా వరద మట్టి దుమ్మే. ఊది శుభ్రం చేసి, డబ్బా పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పాను. ఆ నెలంతా ఇంట్లో గాలి కంప్యూటర్‌కే.

మూడు క్యాసెట్లు అయ్యాక పెళ్లి డిస్కులు పెద్దమ్మకి పంపాను. సాయంత్రం ఫోన్. "జేజికి అప్పుడే వణుకుడు రోగం ఉండెనా రా?"

కంప్యూటర్లో బాగానే కనబడింది మరి. మా టీవీలో వేసి చూస్తే నిజమే, జేజి ఒక్కతే కాదు, నడిచేవాళ్లంతా ముందుకో అడుగు వెనక్కో అడుగు వేస్తూ వణుకుతున్నారు. టీవీలో ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వస్తుంది, ఒక సగంలో బేసి గీతలు, ఒక సగంలో సరి గీతలు. హ్యాండీక్యామ్ ఇచ్చే డీవీ రకం వీడియోలో కింది గీతల సగం ముందు. నేను ఎన్‌కోడర్‌కి పై సగం ముందని చెప్పాను. అందువల్ల తర్వాత రావాల్సిన సగం ముందొచ్చింది. కంప్యూటర్ తెర రెండు సగాలనీ కలిపి చూపించింది కాబట్టి నాకు తెలియలేదు. మూడు క్యాసెట్లూ మొదటి నుంచి చేయాలి. పాతదాంట్లో అయితే ముప్పై గంటలు, నేను వదిలేసేవాణ్ణి, జేజి వణుకుతూనే ఉండేది. ఇప్పుడు రెండు రోజుల్లో, కోతల సందుల్లో, ఐపోయింది.

బర్నింగ్‌లో, అంటే డీవీడీ మీద రాయడంలో మాత్రం కోర్లు ఎన్నున్నా ఒరిగిందేం లేదు. డిస్క్ తిరిగే వేగం, దాని మీద లేజర్ రాసే వేగం, అంతే. ఒక ఎక్స్ అంటే సెకనుకి 1.385 మెగాబైట్లు. 16 ఎక్స్ అంటే 22. అంతకు మించి ఆ రైటర్ మింగలేదు. పాతదాంట్లో బర్న్ అవుతుంటే మౌస్ ముట్టాలన్నా భయం, ఇప్పుడు పక్కన ఎన్‌కోడింగ్ నడిపినా ప్రాసెసర్‌కి లెక్కలేదు. అడ్డమొచ్చింది హార్డ్ డిస్క్. రెండు పనులూ అదే డిస్క్ నుంచి చదువుతుంటే రైటర్ రాయడానికి ముందుగా నింపి పెట్టుకునే బఫర్ అడుక్కి పడిపోయేది. పాత సిస్టంలోని 80 జీబీ డిస్క్ పీకి దీంట్లో తగిలించి, బర్న్ చేయాల్సిన ఇమేజ్ ఫైళ్లన్నీ దాంట్లో పెట్టాక ఆ గొడవ పోయింది.

తొందరపడి 16 ఎక్స్‌లో రాసినవి పెద్దమ్మ పాత ప్లేయర్‌లో ఆగి ఆగి ఆడాయి. 4 ఎక్స్‌లో, ఒక్కోదానికి పావుగంట పెట్టి, మళ్లీ రాశాను. నంద్యాల బస్సు ఎక్కే తెలిసినాయన చేతికిచ్చాను.

రెండో రోజు పొద్దున ఫోన్. "వణుకుడు పోయింది రా, శానా బాగుంది. కానీ మొదటి పళ్లెంలో మీ అక్క దోసిలి ఎత్తింది. రెండోదాంట్లో బియ్యం కిందుండాయి. నడుమ ఏమాయె?"

క్యాసెట్‌ని సరిగ్గా తొంభై నిమిషాల దగ్గర రెండుగా చేశాను, ముందు వెనక చూసుకోలేదు. అతుకు దగ్గర కొంచెం వీడియో ఎగిరిపోయినట్టుంది. ప్రతి డిస్క్‌లోనూ కాస్త ఖాళీ ఉంచే కట్టాను కాబట్టి ఏడో ముక్కని కూడా మొదటి డిస్క్‌లోకి జరిపితే సరిపోతుంది. ఆ ఒక్క ముక్క మళ్లీ ఎన్‌కోడ్ చేయడానికి పావుగంట చాలు. లేచి స్విచ్ వేశాను. పదీ ఐదు. పన్నెండు దాకా కరెంటు రాదు.