ఆ ఫోటో నేనూ పంపాను

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కాలిపోయింది. పొద్దున్నే మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. ఇనుప చట్రాలుగా మిగిలిన సీట్లు, వాటి మధ్య... ఆ పైన రాయలేను. ‘అయ్యో పాపం’ అని రాసి ఇంకో గ్రూపుకు పంపేశాను.

కాసేపటికి పిన్ని ఫోను చేసింది. “అది తీసేయి నాన్నా. మా పక్కింటావిడ కొడుకు రాత్రి బెంగళూరు బయల్దేరాడు. ఫోను ఎత్తడం లేదు. ఆవిడా ఆ గ్రూపులోనే ఉంది.”

అతను వేరే బస్సు ఎక్కాడు. కానీ ఆ ఫోటోలో ఉన్నవాళ్ళూ ఎవరో ఒకరి బిడ్డలేగా! కన్నవాళ్ళు డీఎన్‌ఏ నమూనా ఇచ్చి, మనిషి ఆనవాలు కోసం ఎదురుచూశారు. వాళ్ళకంటే ముందే మేమంతా చూసేశాం.

జాగ్రత్త నేర్పడానికే పంపుతున్నామంటారు కొందరు. బస్సు కింద బైకు ఇరుక్కుని మంటలు లేచాయని చెప్పడానికి శవాల ఫోటోలు ఎందుకు?

అందరికీ కనబడకుండా తొలగించాను. అప్పటికే ఇరవైముగ్గురు చూశారు. ఆవిడ చూసిందో లేదో అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.